అచ్చు లేని అల్లిక: బ్యాక్టీరియా ఒంటిమీది చక్కెరలూ, వాటి జన్యువులూ

సభకు నమస్కారం.

వానాకాలం మొదలయ్యాక హైదరాబాద్‌లో ఏ బస్తీ ల్యాబ్ దగ్గరైనా తరచుగా కనిపించే కాగితం ఒకటుంది. నాలుగు రోజులైనా జ్వరం తగ్గకపోతే డాక్టరు గారు 'విడాల్' రాస్తారు, సాయంత్రానికి రిపోర్టు చేతికి వస్తుంది, అందులో టీఓ, టీహెచ్, ఏహెచ్, బీహెచ్ అని నాలుగు వరసలూ, వాటి ఎదురుగా 1:80, 1:160 అంటూ అంకెలూ ఉంటాయి. టైఫాయిడ్ జాతి క్రిములను పట్టుకునే ప్రతిదేహాలు (యాంటీబాడీలు) రక్తంలో ఉన్నాయా, ఎంత ఉన్నాయి అని చూసే పరీక్ష ఇది. ఫ్రాన్సుకు చెందిన ఫెర్నాండ్ విడాల్ 1896లో వివరించిన ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్మి టైఫాయిడ్‌ను నిర్ధారించవద్దని, రక్తాన్ని కల్చర్‌కు పంపడమే మేలని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ వాదంలోకి నేను వెళ్లను. నాకు కావలసింది ఆ కాగితం మీద లేని ఒక వరస. టైఫాయిడ్ బ్యాక్టీరియాకు ఓ, హెచ్ అని రెండూ ఉన్నాయి కదా, పారాటైఫాయిడ్ ఏ, బీ రకాలకు వచ్చేసరికి హెచ్ మాత్రమే ఎందుకు మిగిలింది? వాటి ఓ ఏమైంది? ఈ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే బ్యాక్టీరియా తన ఒంటిమీది చక్కెరలను ఎలా అల్లుకుంటుందో, ఆ అల్లిక పనికి కావలసిన జన్యువులు ఎక్కడ ఉంటాయో, ఎలా చేతులు మారతాయో చెప్పాలి.

ముందుగా ఆ అక్షరాల సంగతి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఎడ్మండ్ వైల్, ఆర్థర్ ఫీలిక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రోటియస్ అనే బ్యాక్టీరియా మీద పనిచేశారు. అగర్ పళ్లెం మీద అది ఒకచోట ఆగదు, పలుచని తెరలా పాకిపోతుంది. అద్దం మీద ఊపిరి వదిలితే పట్టే మసకలా ఉన్న ఆ తెరను జర్మన్ భాషలో 'హౌఖ్' అన్నారు, అంటే ఊపిరి. తెర కట్టని రకాలు 'ఓనే హౌఖ్', అంటే ఊపిరి లేనివి. ఆ రెండు మాటల మొదటి అక్షరాలే మన బస్తీ ల్యాబ్ కాగితం దాకా వచ్చాయి. ఈదడానికి పనికొచ్చే తోకల ప్రోటీన్‌కు హెచ్ అనే పేరు, శరీరం మీది చక్కెర గొలుసుకు ఓ అనే పేరు స్థిరపడ్డాయి. వందేళ్లు దాటినా ఎవరూ మార్చలేదు. శాస్త్రంలో పేర్లు ఇలాగే అతుక్కుపోతాయి.

సాల్మొనెల్లా, ఈ-కోలై, షిగెల్లా, కలరా క్రిమి వంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాలకు రెండు పొరలుంటాయి. బయటి పొర పైతలంలో లిపోపాలీశాకరైడ్ అణువులు లక్షల సంఖ్యలో నాటుకొని ఉంటాయి. ఒక్కో అణువుకు మూడు భాగాలు: పొరలో పాతుకున్న కొవ్వు వేరు, దానిపై పెద్దగా మారని చక్కెరల మొదలు, ఆ మొదలు మీంచి బయటికి సాగే ఓ గొలుసు. ఈ గొలుసులో మూడు నుంచి ఆరు చక్కెరల ముక్క ఒకటి మళ్లీమళ్లీ వస్తుంది. మన రక్తంలోని ప్రతిదేహాలకు ముందుగా తగిలేది ఇదే. ఇది పొడవుగా, ఒత్తుగా ఉంటే మన రక్తంలో కణాలకు చిల్లు పొడిచే కాంప్లిమెంట్ ప్రోటీన్లు అసలు పొర దాకా చేరలేవు; రాలిపోతే బ్యాక్టీరియా నిరాయుధంగా మిగులుతుంది.

ఇక్కడ జన్యుశాస్త్రం నేర్చుకున్నవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. డీఎన్ఏలోని అక్షరాల వరసే ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాల వరసను నిర్ణయిస్తుందని బడిలోనే చదువుకున్నాం. చక్కెర గొలుసుకు అలాంటి అచ్చు ఏదీ లేదు. డీఎన్ఏలో ఎక్కడ వెతికినా 'గాలక్టోజ్, తరవాత రామ్నోజ్, తరవాత మానోజ్' అని రాసి ఉండదు. ఉన్నదల్లా ఎంజైములకు జన్యువులు, ఆ ఎంజైముల చేతివాటంలో దాగిన వరస. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో దండలు కట్టేవారిని చూడండి. మల్లెలు, మరువం, కనకాంబరం, మళ్లీ మల్లెలు అన్న క్రమం ఏ కాగితం మీదా ఉండదు. కట్టేవారిలో ఒకరు మల్లెలు చేర్చి పక్కకు అందిస్తే, మల్లెల పక్కన మాత్రమే మరువం పెట్టే మరొకరు అందుకుంటారని ఊహించుకుంటే బ్యాక్టీరియా పద్ధతి అర్థమవుతుంది. గ్లైకోసిల్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ప్రతి ఎంజైమూ ఒక చక్కెరను మాత్రమే పట్టుకుంటుంది, దాన్ని ఒక నిర్దిష్టమైన చక్కెర పక్కనే, ఒక నిర్దిష్టమైన కోణంలోనే అతికిస్తుంది. ఈ కోణం మాట చిన్నది కాదు. మూడు వేర్వేరు అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటి ఒకసారి వాడి వరసగా పేరిస్తే ఆరు రకాలే వస్తాయి. మూడు వేర్వేరు హెక్సోజ్ (ఆరు కార్బన్‌ల) చక్కెరలను ఎక్కడెక్కడ అతికించవచ్చో లెక్క వేస్తే వెయ్యికి పైగా రకాలు వస్తాయి. ఈ-కోలైలో 180కి పైగా, కలరా క్రిమిలో 200కు పైగా ఓ రకాలు ఉన్నాయంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

అల్లిక పనివాళ్ల జన్యువులు సాధారణంగా ఒకేచోట, పక్కపక్కన ఉంటాయి. ఈ-కోలైలోనూ సాల్మొనెల్లాలోనూ గాల్-ఎఫ్ అనే జన్యువుకూ, జీఎన్‌డీ అనే జన్యువుకూ మధ్య ఈ వాడ ఉంటుంది. అందులో మూడు రకాల పనివాళ్లు ఉంటారు. అరుదైన చక్కెరలను తయారుచేసేవారు మొదటి రకం, వాటిని అతికించేవారు రెండో రకం. తయారైన ముక్కను లోపలి పొర దాటించి, బయట ముక్కలను గొలుసుగా కలిపేవారు మూడో రకం. ఈ జన్యువులన్నీ ఒకే పొడవైన పట్టీగా చదవబడతాయి కాబట్టి, చదివే యంత్రం దారి మధ్యలో జారిపోకుండా ఆర్-ఎఫ్-ఏ-హెచ్ అనే ప్రోటీన్ ఆరంభంలోనే ఎక్కి చివరిదాకా తోడు వస్తుంది. ఆ తోడు లేకపోతే పట్టీ మొదటి జన్యువులు చదవబడి, చివరివి ఆకలితో మిగిలిపోతాయి.

ఆ వాడలోకి అడుగుపెట్టగానే మరో సంగతి తెలుస్తుంది. ఈ-కోలై డీఎన్ఏలో జి, సి అక్షరాల వాటా మొత్తం మీద 51 శాతం దాకా ఉంటుంది. ఓ వాడలో చాలాచోట్ల అది 40 శాతానికి దిగువకు పడిపోతుంది. యాస విని ఫలానా జిల్లావారని పోల్చినట్టే, ఈ అక్షరాల వాటా చూసి ఈ జన్యువులు ఇంటివి కావని, మరేదో జీవి దగ్గర నుంచి వచ్చి చేరినవని పరిశోధకులు పోల్చారు. చుట్టూ ఉన్న ఇళ్లు పాతవే, మధ్యలోని వాడ మాత్రం మొత్తంగా మారుతూ వచ్చింది. రెండు వైపులా సరిహద్దు జన్యువులు ఒకటే కావడంతో, పక్క బ్యాక్టీరియా డీఎన్ఏ ముక్క లోపలికి వస్తే ఆ సరిహద్దుల దగ్గర సరిగ్గా కుదురుకొని పాత వాడ స్థానంలో కొత్త వాడను నిలపగలదు. ఈ మార్పిడిలో అంచున ఉన్న జీఎన్‌డీ కూడా తరచుగా వెంట కొట్టుకుపోతుంది. చక్కెర జీర్ణక్రియకు చెందిన ఆ అమాయకపు జన్యువులో అన్ని రకాల తేడాలు ఎందుకున్నాయో మొదట ఎవరికీ అంతుపట్టలేదు. పెళ్లివారి పక్కింట్లో ఉన్నందుకు దానికీ పందిరి తగిలిందన్నమాట.

ఇప్పుడు విడాల్ కాగితానికి తిరిగి వద్దాం. టైఫాయిడ్ కలిగించే సాల్మొనెల్లా టైఫీ, పారాటైఫీ ఏ, పారాటైఫీ బీ, ఈ మూడింటి ఓ గొలుసులకూ వెన్నెముక ఒకటే: మానోజ్, రామ్నోజ్, గాలక్టోజ్. ఈ ఉమ్మడి భాగానికి వర్గీకరణలో 12 అనే అంకె ఇచ్చారు. తేడా అంతా మానోజ్‌కు పక్కన కొమ్మలా వేలాడే ఒక్క చక్కెరలో ఉంది. టైఫీకి టైవెలోజ్, అది ఓ9. పారాటైఫీ ఏకు పారాటోజ్, అది ఓ2. పారాటైఫీ బీకి అబెక్వోజ్, అది ఓ4. వెన్నెముక ఉమ్మడిది కాబట్టి ఒకదాని మీద పుట్టిన ప్రతిదేహాలు మిగతా రెండింటినీ కొంతవరకు పట్టుకుంటాయి. మూడు ఓలనూ విడివిడిగా పరీక్షిస్తే మూడూ కలగాపులగంగా పలుకుతాయి, విడమరచి చెప్పే శక్తి హెచ్‌కు ఎక్కువ. అందుకే ఆ కాగితం మీద ఒక్క టీఓ మాత్రమే మిగిలింది.

జన్యువుల వైపు నుంచి చూస్తే ఇది ఇంకా ముచ్చటగా ఉంటుంది. టైఫీ టైవెలోజ్‌ను నేరుగా తయారుచేయదు. ముందు పారాటోజ్‌ను తయారుచేసి, మరో ఎంజైముతో దాన్ని టైవెలోజ్‌గా మలుపు తిప్పుతుంది. ఆస్ట్రేలియాలో నరేష్ వర్మ, పీటర్ రీవ్స్ 1989లో ఈ రెండు జన్యువులనూ గుర్తించి చదివారు. పారాటైఫీ ఏలో కూడా ఆ రెండో జన్యువు ఉంది, కానీ ఆరంభంలోనే అక్షరాల గాడి తప్పి, ప్రోటీన్ పూర్తికాకముందే ఆగిపోయేలా చెడిపోయి ఉంది. దాంతో పని సగంలో ఆగి, పారాటోజే కొమ్మగా మిగిలిపోతుంది. అంటే ఓ2 అనే రకాన్ని కొత్తగా ఎవరూ కనిపెట్టలేదు, ఓ9 అల్లేవాళ్లలో ఒకరు పని మానేస్తే వచ్చినదే ఓ2. వర్గీకరణ పట్టికలో ఏ, డీ అనే వేర్వేరు గుంపులుగా, పక్కపక్కన కూడా లేకుండా కూర్చున్న ఈ రెండింటి మధ్య గోడ ఒక్క చెడిపోయిన జన్యువు మందమే. సెరోటైపును, అంటే ఓ, హెచ్‌లను బట్టి పెట్టే రకం పేరును, బ్యాక్టీరియా ఇంటిపేరుగా భావించడం ఎంత పొరపాటో ఈ ఒక్క ఉదాహరణే చెబుతుందని నా అభిప్రాయం. అది వేసుకున్న చొక్కా మాత్రమే, ఇంటిపేరు తెలియాలంటే మిగతా జన్యువులను చదవాలి.

గొలుసు పొడవు సంగతి కూడా చెప్పాలి. పూలు మూరల లెక్కన అమ్ముతారు, మూర ఎంత అన్నది అమ్మేవారి చేతిని బట్టి ఉంటుందన్న సంగతి మన ఆడవాళ్లందరికీ తెలుసు. బ్యాక్టీరియాలో ఆ మూర చెయ్యి ఒక ప్రత్యేక ప్రోటీన్. అది లేకపోతే గొలుసులు ఇష్టం వచ్చిన పొడవుల్లో, ఎక్కువగా పొట్టివిగా వస్తాయి. అది ఉంటే ఒక కొలత దగ్గర గుమికూడతాయి. సాల్మొనెల్లా టైఫీమ్యూరియంలో ఒక మూర చెయ్యి 16 నుంచి 35 ముక్కల గొలుసులను, రెండోది 100కు పైగా ముక్కల గొలుసులను ఇస్తుంది. ఒక్క విషయంలో మాత్రం పూలదండతో పోలిక చెల్లదు. దండలో కొత్త పువ్వు కొసన చేరుతుంది. ఈ పద్ధతిలో కొత్త ముక్క మొదట్లో చేరుతుంది, అంటే అప్పటిదాకా కట్టిన గొలుసునంతా ఎత్తి కొత్త ముక్క మీద నిలబెడతారు.

పరిశోధన మొదలుపెట్టిన తొలి ఏడాదిలో నేను చేసిన ఒక తప్పు ఇక్కడ చెప్పుకోవాలి. ఒక సాల్మొనెల్లా రకాన్ని పదేపదే కొత్త అగర్ మీదికి మారుస్తూ వచ్చి, ఒక రోజు గాజు పలక మీద, ఒక ఓ రకాన్ని పట్టే ప్రతిదేహాలున్న సీరం చుక్కలో కలిపితే చక్కగా గడ్డకట్టింది. సంతోషంగా రకం పేరు రాసేశాను. మా గురువు గారు పలకను చూసి, "ఉప్పునీటి చుక్క ఎక్కడ?" అని మాత్రం అడిగారు. ప్రతిదేహాలు లేని ఉత్త ఉప్పునీటిలో కలిపినా అది అలాగే గడ్డకట్టింది. ఓ గొలుసు పోగొట్టుకున్న బ్యాక్టీరియా ఒకదానికొకటి అంటుకుపోతుంది, పళ్లెం మీద దాని కొలనీలు నున్నగా కాక గరుకుగా కనిపిస్తాయి. ఆహారం పుష్కలంగా దొరికే ప్రయోగశాలలో ఆ గొలుసు అల్లడం దండగ ఖర్చు, కాబట్టి అది పోయినవే ముందుకు వస్తాయి. ప్రపంచమంతా వాడే ఈ-కోలై కే-12 సంగతి కూడా ఇదే. 1922లో ఒక రోగి నుంచి సేకరించిన ఆ రకంలో, రామ్నోజ్‌ను అతికించే జన్యువు మధ్యలోకి ఐఎస్5 అనే గెంతే డీఎన్ఏ ముక్క వచ్చి కూర్చుంది. 1994లో ఆ జన్యువు మంచి ప్రతిని తిరిగి ఇచ్చినప్పుడు కే-12 మళ్లీ ఓ గొలుసు అల్లింది. అంతకాలం అణుజీవశాస్త్రమంతా నేర్చుకున్నది చొక్కా లేని బ్యాక్టీరియా మీదనే.

నున్నన, గరుకు అనే ఈ తేడాయే ఒక పెద్ద ఆవిష్కరణకు మూలం. న్యుమోనియా కలిగించే న్యూమోకాకస్‌లో చక్కెర కవచం ఉన్న రకం నున్నగా ఉండి ఎలుకలను చంపుతుంది, కవచం లేని గరుకు రకం చంపదు. 1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ వేడితో చంపిన నున్నని న్యూమోకాకస్‌ను, బతికున్న గరుకు న్యూమోకాకస్‌ను కలిపి ఎలుకలకు ఎక్కిస్తే, చనిపోయిన ఎలుకల్లో బతికున్న నున్నని రకం దొరికింది. 1944లో ఆస్వాల్డ్ ఎవరీ, కాలిన్ మక్‌లియాడ్, మక్లిన్ మక్‌కార్టీ ఆ మార్పు తెచ్చిన పదార్థం డీఎన్ఏ అని తేల్చారు. పాఠ్యపుస్తకాలు దీన్ని డీఎన్ఏ ఘనతగా మాత్రమే చెబుతాయి. నాకు మాత్రం ఇందులోని చక్కెర భాగాన్ని వదిలేయడం అన్యాయంగా తోస్తుంది. ఎవరీ అంతకుముందు ఇరవై ఏళ్లుగా చదువుతున్నది న్యూమోకాకస్ కవచపు చక్కెరలనే. 1923లో మైకేల్ హైడెల్‌బర్గర్‌తో కలిసి ఆ కవచం పాలీశాకరైడ్ అని చూపింది కూడా ఆయనే. గ్రిఫిత్ ఎలుకలో చేతులు మారింది చక్కెర కాదు, దాన్ని అల్లేవాళ్ల జన్యువుల వాడ. కవచం అల్లే జన్యువులు న్యూమోకాకస్‌లో డెక్స్-బీ, అలి-ఏ అనే రెండు జన్యువుల మధ్య ఉంటాయని తరవాతి తరాలు చూశాయి. ఇక్కడా వాడ అదే తీరు, మార్పిడీ అదే తీరు.

ఆ మార్పిడి మన తీరంలోనే జరిగి మనుషుల ప్రాణాల మీదికి వచ్చిన సందర్భం ఒకటుంది. 1992 దాకా ఊళ్లకు ఊళ్లను కమ్మేసిన కలరా అంతా ఓ1 రకానిదే. మిగతా రకాలన్నిటినీ 'ఓ1 కానివి' అని ఒక మూటగా కట్టి, వాటితో మహమ్మారి రాదని భరోసాగా ఉండేవారు. 1992 చివరిలో మద్రాసులో, తరవాత కలకత్తాలో, బంగ్లాదేశ్‌లో ఓ1 సీరంతో గడ్డకట్టని కలరా మొదలైంది. పూర్వపు కలరాతో పెద్దవాళ్లకు ఎంతో కొంత రక్షణ ఉండే చోట్ల కూడా పెద్దవాళ్లే ఎక్కువగా పడ్డారు. కొత్త రకానికి ఓ139 అని పేరుపెట్టారు. డీఎన్ఏ చదివితే అది ఓ1లోని ఎల్ టార్ అనే పాత కలరా క్రిమే. ఓ1 చక్కెర అల్లే సుమారు 22 వేల అక్షరాల వాడ పోయి, దాని స్థానంలో సుమారు 35 వేల అక్షరాల కొత్త వాడ కూర్చుంది. ఆ కొత్త వాడకు ఓ22 అనే మరో రకం వాడతో దగ్గరి పోలిక ఉంది. ఈ మార్పిడి ఎక్కడ జరిగి ఉంటుందన్న ప్రశ్నకు 2007లో మెలనీ బ్లోకెష్, గ్యారీ స్కూల్నిక్ ఒక మంచి ఆధారం చూపారు. రొయ్యలు, పీతల పెంకుల్లో ఉండే కైటిన్ మీద పెరిగేటప్పుడు కలరా క్రిమి చుట్టూ ఉన్న డీఎన్ఏను లోపలికి తీసుకుంటుంది, ఆ స్థితిలో ఓ1 రకం ఒక్క అడుగులో ఓ139గా మారగలదు. కలరా క్రిమికి చొక్కా మార్చే దుకాణం ఉప్పుటేరులోని పీత పెంకు మీద ఉండవచ్చన్నమాట.

అంత పెద్ద మార్పిడి లేకుండా చిన్న సవరణతో కూడా కలరా క్రిమి ముఖం మార్చుకుంటుంది. ఓ1లో ఒగావా, ఇనాబా అని రెండు ఉపరకాలున్నాయి. గొలుసు చివరి చక్కెరకు ఒక మిథైల్ గుంపును అతికించే జన్యువు పనిచేస్తే ఒగావా, చెడితే ఇనాబా.

ఈ అల్లికకు ఒక ఖర్చు ఉంది. దాని మీద హబ్సిగూడలోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వైపు చూస్తూ ఒక మాట చెబుతాను. ఓ ముక్కలను పొర దాటించడానికి మోసుకెళ్లేది 55 కార్బన్‌ల కొవ్వు అణువు. బ్యాక్టీరియా గోడకు కావలసిన ఇటుకలను మోసేదీ అదే, అది కణంలో చాలా కొద్దిగా ఉంటుంది. ఓ గొలుసు పని మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే మోసే అణువులన్నీ సగం బరువుతో ఇరుక్కుపోయి, గోడ పనికి కూలీలు దొరకక కణం ఉబ్బి, వంకర తిరుగుతుంది. గోడ ఎలా తెరుచుకొని, పెరిగి, మళ్లీ మూసుకుంటుందో చూపినందుకు సీసీఎంబీకి చెందిన మంజులా రెడ్డి గారికి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. గోడనూ చొక్కానూ వేర్వేరు పాఠాలుగా చెప్పడం మనకు అలవాటు, బ్యాక్టీరియాకు మాత్రం రెండింటికీ ఖజానా ఒక్కటే.

ఇక టీకాల సంగతి, ఈ ఊళ్లో ఆ మాట ఎత్తకుండా లేవలేం. టైఫీకి ఓ గొలుసు పైన వీఐ అనే మరో చక్కెర కవచం ఉంది. ఆర్థర్ ఫీలిక్స్, మార్గరెట్ పిట్ 1934లో దాన్ని గుర్తించారు. దానికి కావలసిన పది జన్యువులు ఎస్‌పీఐ-7 అనే పెద్ద డీఎన్ఏ దీవిలో కూర్చున్నాయి. ఆ దీవి కూడా బయటి నుంచి వచ్చినదే. ఉత్త చక్కెరను టీకాగా ఇస్తే రెండేళ్లలోపు పిల్లల ఒంట్లో సరైన స్పందన రాదు, ప్రోటీన్‌కు అతికించి ఇస్తే వస్తుంది. చక్కెరను ప్రోటీన్‌కు అతికించే ఉపాయాన్ని ఎవరీ, వాల్తర్ గోబెల్ 1929లోనే చూపించారు. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ వీఐ చక్కెరను ధనుర్వాతపు టాక్సాయిడ్‌కు (విషగుణం తీసేసిన ప్రోటీన్‌కు) అతికించి చేసిన టైప్‌బార్-టీసీవీని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 డిసెంబరులో ముందస్తు అర్హత జాబితాలో చేర్చింది. ఇదే ఊరి బయొలాజికల్-ఈ చేసిన టీకా 2020లో ఆ జాబితాకు ఎక్కింది, అందులోని వీఐ చక్కెర టైఫీ నుంచి తీసినది కాదు. సిట్రోబాక్టర్ ఫ్రాయిండీ అనే, అంత ప్రమాదం లేని మరో బ్యాక్టీరియాకు కూడా అవే వీఐ జన్యువులు ఉన్నాయి కాబట్టి, దాన్ని పెంచి చక్కెర తీస్తారు. జన్యువుల వాడ చేతులు మారే గుణమే ఇక్కడ ఫ్యాక్టరీకి పనికొచ్చింది. ఇంకో చిత్రం, 2016 చివరిలో మందులకు లొంగని టైఫాయిడ్ చెలరేగిన ఊరు పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్. 2018లో అక్కడి పిల్లలకు వేసిన టీకా మన హైదరాబాద్‌లో తయారైన టైప్‌బార్.

ఈ టీకాలను చూసి టైఫాయిడ్ పని అయిపోయిందని తీర్మానించే ముందు, విడాల్ కాగితంలోని మూడో వరసను, ఏహెచ్‌ను, ఇంకోసారి చూడాలి. పారాటైఫీ ఏకు వీఐ జన్యువులు లేవు, కాబట్టి వీఐ టీకా దాన్ని తాకదు. దాని మీద పనికొచ్చే టీకాకు చక్కెర కావాలంటే, మలుపు తిప్పే ఎంజైము చెడిపోయి పారాటోజ్ దగ్గర ఆగిన ఆ ఓ2 గొలుసే దిక్కు. ఓ2 గొలుసును ప్రోటీన్‌కు అతికించి, వీఐతో జోడించి ఒకే సూదిలో ఇచ్చే టీకాల మీద ఇప్పుడు పని సాగుతోంది. ఆ పనిలో తేల్చవలసిన వాటిలో గొలుసు పొడవు ఒకటి, ఎన్ని ముక్కల గొలుసుకు మన ఒళ్లు బాగా పలుకుతుందో చూసి బ్యాక్టీరియా మూర చేతిని ఆ కొలతకు సరిచేయాలి.

ప్రశ్నలుంటే అడగండి.